ఇబ్రహీంపట్నానికి సముద్రం ఎంత దూరం?

మాది ఇబ్రహీంపట్నం అని చెప్పగానే హైదరాబాద్‌లో ఎవరైనా "ఇంజినీరింగ్ కాలేజీలన్నీ అక్కడే కదా" అంటారు. అది రంగారెడ్డి జిల్లాది. ఇంకొందరు "థర్మల్ స్టేషన్ ఉంటుంది, అదేనా?" అంటారు. అది విజయవాడ పక్కనున్నది. మాది మూడోది. జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి పక్కన. పసుపు, మక్క, వరి పండే నేల. ఉత్తరాన గోదావరి. వాడకు నలుగురైనా గల్ఫ్‌లో ఉంటారు.

మా మండలంలో వర్షకొండ అనే ఊరుంది. ఊరి పేరులోనే వర్షం ఉంది. సముద్రం మాత్రం మా పేర్లలో లేదు, మాటల్లో లేదు. మా బాపు జీవితంలో ఒకే ఒక్కసారి సముద్రం చూశాడు. అది కూడా తీర్థయాత్ర బస్సులో వెళ్లినప్పుడు, ఒక అరగంట.

అందుకే సముద్రం వార్తలు మాకు సంబంధం లేని వార్తలనుకునేవాణ్ని. టీవీలో "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అని వస్తే ఛానల్ మార్చేసేవాణ్ని. 2021 సెప్టెంబర్‌లో ఆ అలవాటు మా ఇంటికి ఇరవై మూడు వేల రూపాయల నష్టం తెచ్చింది. డబ్బు సంగతి తర్వాత మర్చిపోయాం. ఆ రోజు నేను బాపుతో చెప్పిన ఒక అబద్ధం మాత్రం నాలుగేళ్లు నాతోనే ఉండిపోయింది.

రెండు చుక్కల మబ్బు బొమ్మ

అప్పుడు నాకు మొదటి ఉద్యోగం. వర్క్ ఫ్రమ్ హోమ్. మా ఇంటి ముందు గదిలో ల్యాప్‌టాప్, కిటికీ బయట రోడ్డు, రోడ్డు పక్కన ఆరబోసిన మక్కలు. నలభై రెండు క్వింటాళ్లు. పట్టించి రెండు రోజులే అయింది. తేమ 14 శాతానికి దిగితే తప్ప మంచి ధర రాదు. ఇంకో మూడు ఎండలు కావాలి.

సెప్టెంబర్ 26, ఆదివారం. బాపు గట్టు మీద కూర్చుని చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"పొద్దటి సంది ఒక్కటే ఉడుకపోస్తున్నది. ఫోన్ల జూడురా, వానేమన్న ఉన్నదా?"

చూశాను. మబ్బు బొమ్మ, కింద రెండు చుక్కలు, పక్కన 40 శాతం. టీవీలో గులాబ్ తుఫాను గురించి చెప్తున్నారు. శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం.

"తుఫాను శ్రీకాకుళం దిక్కు బాపు. అది సముద్రం ఒడ్డున ఉన్నోళ్లకు. మనకేమన్న చినుకులు పడొచ్చు, అంతే" అన్నాను.

పక్కింటి కాక దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు. "తుఫాన్ అన్నంక తుఫానే" అని ఆ సాయంత్రమే మక్కలన్నీ కుప్ప చేసి సంచులకెత్తాడు. నేను లోపల నవ్వుకున్నాను.

ఆ రాత్రి గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. "తీరం దాటిన తుఫాను" అని కింద స్క్రోలింగ్ వచ్చింది. అయిపోయింది కదా అనుకుని పడుకున్నాను.

సోమవారం మా దగ్గర మొదలైంది. ఆగలేదు. మంగళవారం రాష్ట్రమంతా స్కూళ్లకు, ఆఫీసులకు ప్రభుత్వం సెలవు ఇచ్చింది. మేము పరదాలు కప్పాం. పైన కప్పగలం గానీ కింద నుంచి వచ్చే నీళ్లను ఏం చేస్తాం? రోడ్డు నీళ్లన్నీ కుప్ప కిందికే పారాయి. మూడో రోజు పరదా ఎత్తితే లోపల్నుంచి ఆవిరి, పులిసిన వాసన. చేత్తో తోడితే గింజలకు తెల్లటి మొలకలు. పొడి మక్కలు క్వింటాలు పదిహేడు వందలు పలుకుతుంటే మాకు పదకొండు వందల యాభై దక్కింది.

బాపు నన్నేమీ అనలేదు. ఒక్క మాట అడిగాడు. "ఫోన్ తప్పు సూపిందా బిడ్డా?"

"అవును బాపు, తప్పు చూపింది" అన్నాను.

అదే ఆ అబద్ధం.

తీరం దాటిందంటే ఎక్కడికి వచ్చినట్టు?

ఫోన్ తప్పు చూపలేదు. 40 శాతం అంటే వాన పడే అవకాశం ఎంతో చెప్పే అంకె. పడితే ఎంత పడుతుందో అందులో ఉండదు. అవకాశం తక్కువని చదివి, వాన తక్కువని అర్థం చేసుకున్నాను. బీటెక్‌లో ప్రాబబిలిటీ సబ్జెక్ట్ పాసైన మనిషిని నేను.

సిగ్గుతో ఆ వారం వాతావరణ శాఖ బులెటిన్లు వెనక్కి వెళ్లి చదివాను. తుఫాను తీరం దాటక ముందే తెలంగాణకు భారీ నుంచి అతిభారీ వర్షాల హెచ్చరిక అందులో ఉంది. బొమ్మల్లేవు. పొడి మాటలు. కానీ ఒక్కో మాటకు ఒక్కో కొలత ఉంది. 'భారీ వర్షం' అంటే 24 గంటల్లో 7 నుంచి 11 సెంటీమీటర్లు. 'అతిభారీ' అంటే 12 నుంచి 20. ఆ పైన 21 దాటితే 'అత్యంత భారీ'. 'అక్కడక్కడ' అన్నా ఊరికే అన్నది కాదు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పావు వంతు లోపు చోట్ల అని అర్థం. ఆ పావు వంతులో మన ఊరు ఉండదని ఎవరూ చెప్పలేదు.

తుఫాను హెచ్చరికలు నాలుగు మెట్లలో వస్తాయని కూడా అప్పుడే తెలిసింది. దాదాపు 72 గంటల ముందు 'కనిపెట్టుకుని ఉండండి' అని ఒకటి. 48 గంటల ముందు అలర్ట్. 24 గంటల ముందు వార్నింగ్. నాలుగోది, తుఫాను తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు వచ్చేది, లోపలి జిల్లాల కోసమే. దాటిన తర్వాత ఎటు వెళ్తుంది, ఎక్కడ ఎంత వాన అన్నది అందులో ఉంటుంది. అంటే ఆ నాలుగోది రాసేది మాకోసం. నేను మాత్రం నా జన్మలో దాన్ని తెరిచి చూడలేదు.

అసలు చిక్కు 'తీరం దాటింది' అన్న మాటలోనే ఉంది. ఏరు దాటాం, గండం దాటాం అన్నట్టు, దాటింది అంటే గడిచిపోయిందనే మనకు వినిపిస్తుంది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు అది నిజమే కావచ్చు. మనకు మాత్రం తీరం దాటిందంటే లోపలికి వచ్చింది, మన వైపు బయలుదేరింది అని అర్థం.

దీనికి కారణం తుఫాను పుట్టుకలోనే ఉంది. సముద్రం పైపొర కనీసం 26.5 డిగ్రీలు వేడెక్కి ఉండాలి. ఆ వేడికి లేచిన నీటి ఆవిరి పైకెళ్లి మబ్బుగా మారుతూ దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడే తుఫానుకు పెట్రోలు. నేల మీదికి రాగానే పెట్రోలు బంద్. గాలి వేగం పడిపోతుంది. పేరు తుఫాను నుంచి వాయుగుండానికి, అక్కణ్నుంచి అల్పపీడనానికి దిగుతుంది. పేరు చిన్నదైంది కదా అని మనం తేలిగ్గా తీసుకుంటాం. కానీ ఆ పేర్లు గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 31 నుంచి 50 మధ్య ఉంటే వాయుగుండం. మబ్బుల్లో మోసుకొచ్చిన నీళ్ల లెక్క ఆ పేర్లలో లేదు. కళింగపట్నం నుంచి మా ఊరికి సూటిగా గీత గీసినా ఐదు వందల యాభై కిలోమీటర్ల పైనే. గాలి అంత దూరం రాలేదు, నీళ్లు వచ్చాయి.

గులాబ్ పేరు మార్చుకుంది

మక్కలు అమ్మేసినా బులెటిన్లు చదవడం మానలేదు. కోపమో, పట్టుదలో తెలియదు. గులాబ్ మిగులు మా మీదుగా మహారాష్ట్రకు, అక్కడి నుంచి గుజరాత్ వైపు వెళ్లింది. బంగాళాఖాతంలో పుట్టింది నేలంతా దాటి అరేబియా సముద్రంలో దిగి మళ్లీ బలపడొచ్చని రాశారు. ఇలా జరగడం అరుదు. సెప్టెంబర్ 30న అది వాయుగుండమైంది. మర్నాడు తుఫాను. కొత్త తుఫాను కాబట్టి కొత్త పేరు. మన సముద్రాల తుఫాన్లకు 13 దేశాలు పేర్లు ఇస్తాయి. గులాబ్ పాకిస్తాన్ ఇచ్చిన పేరు. తర్వాతి వంతు ఖతర్‌ది, వాళ్లిచ్చిన పేరు షాహీన్. అరబ్బీలో డేగ.

డేగ వెళ్తున్న దారి మ్యాప్‌లో చూస్తుంటే చివర ఒమాన్ కనిపించింది. ఉత్తర తీరం. బాతినా.

మా మేనమామ ఉండేది అక్కడే. సువైక్ దగ్గర ఒక మజ్రాలో, అంటే ఖర్జూరపు తోటలో పని. మా మక్కలను తడిపిన అదే వాన రెండు వేల కిలోమీటర్లకు పైగా నడిచి మా మామ దగ్గరికి పోతోంది.

శుక్రవారం ఫోన్ చేశాను.

"మామా, తుఫాన్ మీ దిక్కు వస్తున్నది."

"ఏ, ఊకో అల్లుడా. ఇది ఎడారి. ఇక్కడ వాన పడితే వీడియోలు తీసుకుంటరు."

"మీ గది ఎక్కడుంది?"

"వాదీ పక్కకు."

వాదీ అంటే ఎండిన వాగు. సంవత్సరమంతా ఇసుకే ఉంటుంది. కొండల్లో వాన పడితే గంటల్లో ఏరవుతుంది. ఆయన ఫోన్‌కు అప్పటికే అధికారుల మెసేజీలు వస్తున్నాయి. అరబ్బీలో, ఇంగ్లిష్‌లో. మామ ఏడో తరగతి. స్క్రీన్‌షాట్లు పంపమన్నాను. ఒక్కొక్కటే తెలుగులో చదివి వాయిస్ మెసేజ్‌గా పెట్టాను. లోతట్టు జాగాలు ఖాళీ చేయండి. వాదీలు దాటొద్దు. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. వాళ్లు చెప్పిందే మా మాటలో చెప్పాను.

షాహీన్ అక్టోబర్ 3, ఆదివారం సువైక్ దగ్గర తీరం దాటింది. ఆ సాయంత్రం నుంచి మామ ఫోన్ స్విచాఫ్. సోమవారమంతా స్విచాఫ్. అవ్వ పొయ్యి మీద బియ్యం పెట్టి మర్చిపోయి కూర్చుంది. బాపు మాటిమాటికీ నా వైపు చూస్తున్నాడు, ఫోన్ వైపు కాదు. ఈసారి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

మంగళవారం మధ్యాహ్నం పదకొండు సెకన్ల వాయిస్ మెసేజ్ వచ్చింది. "అక్కకు చెప్పు, మంచిగనే ఉన్నం. గదిల నడుములోతు నీళ్లొచ్చినయట. మేం ఆడ లేకుంటిమి."

నలుగురు కలిసి ఊళ్లో తెలిసినవాళ్ల మేడ మీదికి వెళ్లారట. అందరికీ అంత అదృష్టం లేదు. ఆ తుఫానులో ఒమాన్‌లో పదిమందికి పైగా చనిపోయారు.

ప్రగతినగర్ గోడ అవతల

2022లో ఆఫీసుకు రమ్మన్నారు. నిజాంపేటలో రూమ్ తీసుకున్నాను. రోజూ ప్రగతినగర్ రోడ్డులో ఒక పెద్ద కాంపౌండ్ గోడ పక్కనుంచి బైక్ మీద వెళ్లేవాణ్ని. ఏదో ప్రభుత్వ ఆఫీసు అనుకున్నాను. ఒకరోజు ట్రాఫిక్‌లో ఆగి బోర్డు చదివాను. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. అందరూ ఇన్‌కాయిస్ అంటారు.

సముద్రం లేని హైదరాబాద్‌లో కూర్చుని దేశం చుట్టూ ఉన్న సముద్రం ఎలా ఉందో, రేపు ఎలా ఉంటుందో చెప్పే సంస్థ అది. 1999లో మొదలైంది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా ఇక్కడి నుంచే వెళ్తున్నాయి. తుఫాను ఎటు వస్తుందో చెప్పడం వాతావరణ శాఖ పని. అల ఎంత ఎత్తు లేస్తుంది, ప్రవాహం ఎటు, చేపలు ఎక్కడ దొరకొచ్చు అన్నవి ఇన్‌కాయిస్ చెప్తుంది.

చేపల సంగతి నాకు భలే నచ్చింది. ఉపగ్రహం నుంచి నీటి వేడి, నీటిలోని పచ్చదనం కొలుస్తారు. పచ్చదనం అంటే సన్నటి నాచు. నాచు ఉన్నచోటికి చిన్న చేపలు, వాటి వెనక పెద్ద చేపలు. ఇక లోతు సంగతి తెలియడానికి ఆర్గో అనే తేలే యంత్రాలను సముద్రంలో వదులుతారు. అవి రెండు కిలోమీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి పైకొచ్చి లెక్కలు ఉపగ్రహానికి పంపుతాయి. మన దేశం వదిలిన వాటి లెక్కలు చేరేది ప్రగతినగర్‌కే.

అలల ఎత్తు గురించి కూడా ఒక మాట. బులెటిన్‌లో "అల ఎత్తు 3 మీటర్లు" అని ఉంటే అన్ని అలలూ 3 మీటర్లే అని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసి, వాటి సగటు చెప్తారు. మధ్యలో ఒక్కటి దాదాపు రెండింతలు కూడా లేవొచ్చు. నా 40 శాతం లాంటిదే ఇదీ. అంకె చూస్తే సరిపోదు, ఆ అంకె దేన్ని కొలిచిందో తెలియాలి.

కళింగపట్నం ఒడ్డున

గులాబ్ ఒడ్డెక్కిన చోటు చూడాలని చాలా రోజులుగా ఉంది. 2024 జనవరిలో రెండు రోజుల సెలవు దొరికింది. రైల్లో శ్రీకాకుళం రోడ్ స్టేషన్, అంటే ఆమదాలవలస. అక్కణ్నుంచి బస్సులో శ్రీకాకుళం, మరో బస్సులో కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పటి ఓడరేవు. ఇప్పుడు లైట్‌హౌస్, ఇసుక, వరుసగా పడవలు.

వల బాగు చేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చున్నాను.

"ఎక్కడ్నించి బాబూ?"

"జగిత్యాల తాతా. తెలంగాణ."

"అంత దూరం నుంచా! మీకు సముద్రంతో ఏటి పని?"

మక్కల కథ చెప్పాను. ఆయన వల పక్కన పెట్టి విన్నాడు.

"గులాబా? మాకది గాలి. పడవలన్నీ ముందే పైకి లాగేసినాం. మీకు వానయిందన్నమాట." కాసేపాగి అన్నాడు. "అందరమూ లాగలేదులే. ఈ జిల్లా కుర్రోళ్లే, పడవతో ఉండిపోనారు."

ఆ రాత్రి శ్రీకాకుళం మత్స్యకారులు సముద్రంలో ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి నేను పేపర్లో చదివాను. ఆయన పేర్లు చెప్పాడు. నేను ఇక్కడ రాయను.

ఫోన్ చూస్తారా అని అడిగాను. మెసేజీలు వస్తాయట, మనవడు చదివి చెప్తాడట. దాంతో పాటు తను చూసేది తను చూస్తాడు.

"కెరటం ఎంత ఎత్తుందో అందరూ సూస్తారు. కెరటానికీ కెరటానికీ మజ్జిన ఎంత ఎడం ఉందో సూడాల బాబూ. ఎడం పెరిగిందంటే ఎక్కడో దూరంగా గాలి లేసినట్టు."

ఇది ఇన్‌కాయిస్ కూడా కొలిచే లెక్కే. దూరపు తుఫాను లేపిన అలలు ఎడం ఎడంగా, తుఫాను కంటే ముందే ఒడ్డుకు చేరతాయి. కేరళలో గాలీ వానా లేని రోజున ఉన్నట్టుండి సముద్రం ఇళ్లలోకి వస్తుంది. 'కల్లక్కడల్' అంటారు, దొంగ సముద్రం అని. ఆ అలలు ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణాన, వేల కిలోమీటర్ల అవతల గాలికి లేచినవి. దొంగ వచ్చే సమయం ముందే చెప్పేది కూడా ఆ ప్రగతినగర్ గోడ అవతలి వాళ్లే.

ఎర్దండి దగ్గర గోదావరి

మామ 2023లో తిరిగొచ్చేశాడు. ఇప్పుడు బాపుతో కలిసి పసుపు వేస్తున్నాడు. పోయిన దసరాకు ముగ్గురం ఎర్దండి వెళ్లాం, మా మండలంలోనే గోదావరి ఒడ్డు. పైన శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారు, నది నిండుగా ఉంది.

ఈ నీళ్లు ఎక్కడికి పోతాయో చెప్పాను. గోదావరి, కృష్ణ, ఉత్తరాన గంగ, బ్రహ్మపుత్ర, ఇన్ని నదుల మంచినీళ్లు బంగాళాఖాతంలో పడతాయి. మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే తేలిక. అందుకే పైనే పొరలా నిలుస్తాయి. కింది చల్లటి నీళ్లతో తొందరగా కలవవు. పైపొర వేడి పైనే ఉండిపోతుంది. బంగాళాఖాతంలో తుఫాన్లు బలపడటానికి అదీ ఒక కారణం.

"అంటే మన నీళ్లే పొయ్యి, మన మీదికే వస్తున్నయన్నట్టు" అన్నాడు మామ.

నాకు అదే సమయం అనిపించింది.

"బాపు, ఆనాడు ఫోన్ తప్పు చూపలేదు. నేనే సరిగ్గ చదవలేదు."

బాపు నది మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఎరుకే."

"ఎట్లెరుక?"

"ఫోన్ తప్పు సూపితే నువ్వు ఊకుంటుంటివా? తెల్లారే కొత్తది కొనేటోనివి."

మామ పగలబడి నవ్వాడు. నేను కూడా నవ్వాను, కాసేపయ్యాక.

ఇప్పుడు మబ్బు పట్టినప్పుడల్లా బాపు హైదరాబాద్‌కు ఫోన్ చేస్తాడు. ఇంతకుముందు "వానున్నదా?" అని అడిగేవాడు. ఇప్పుడు ఆ మాట అడగడు.

"తీరం ఏడ దాటుతదట? దాటినంక ఎటు మర్లుతదట?" అంటాడు.